గాటు పడిన గుమ్మడి పిందెను తొందరపడి తెంపకండి

సంపాదకులకు నమస్కారం.

కాయ మీద చిన్న గీత పడినా, ఉడుత పంటి గాటు కనిపించినా ఇక అది పనికిరాదనుకొని, ఎదుగుతున్న గుమ్మడి పిందెను తెంపి పెంటకుప్పలో వేసేవారిని మా ఊళ్లో ఏటా చూస్తున్నాను. పెరట్లో పాదు పెట్టుకునేవారికి అది పెద్ద నష్టమే గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటేడు మా మనవడు అక్షరాలు దిద్దే ఉత్సాహంలో పిడికిలంత పిందె మీద మేకుతో ‘అ’ గీశాడు. గీసిన చోటల్లా జిగురు చెమట బొట్లలా ఊరి, సాయంత్రానికి తేనె రంగుకు తిరిగి గట్టిపడింది. కొన్నాళ్లకు గీత వెంట గోధుమ రంగు పొర కట్టింది. కాయతో పాటే ఆ అక్షరమూ పెరిగి, కోసేనాటికి నా అరచేయంత వెడల్పున, తడిమితే వేలికి తెలిసేటంత ఉబ్బుగా నిలిచింది. కాయను కోసి చూస్తే లోపలి కండలో చిన్న మచ్చ కూడా లేదు; చెక్కు తీయగానే ఆ గుర్తూ పోయింది. లేత కాయ తన గాయాన్ని బెరడు వంటి పొరతో తానే మూసుకోగలదు.

అయితే ఆ పొర కట్టాలంటే గాయం పొడిగా ఉండాలి. నీళ్లు కాయ మీద పడకుండా పాదు మొదట్లోనే పోయాలి. గాయమైన వైపు తడి నేలకు ఆనుతుంటే కింద ఎండుగడ్డి మందంగా పరచాలి తప్ప, కాయను అటూ ఇటూ దొర్లించకూడదు, ఎందుకంటే తొడిమ మెలిపడి విరిగితే మానిన కాయ కూడా చేజారుతుంది. గాయానికి ఏదో ఒకటి పూసి పైన ప్లాస్టిక్ కవరు చుట్టేవారున్నారు. లోపల చెమ్మ నిలిచి, మానవలసిన గాయం కుళ్లుతుంది. గాలి తగలనిస్తే చాలు. రెండు మూడు రోజులయ్యాక ఆ చోట వేలితో మెల్లగా నొక్కి చూడండి: గట్టిగా, పొడిగా ఉంటే కాయ దక్కినట్లే, మెత్తబడి నీరు కారుతుంటే అప్పుడు తెంపవచ్చు.

పండు ఈగ పొడిచిన కాయ సంగతి వేరు. సూదిమొన గుచ్చినంత రంధ్రం, దాని మీద ఒక్క జిగురు బొట్టు మాత్రమే పైకి కనిపిస్తాయి గాని, లోపల పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన తెల్లని పురుగులు కండను తినేస్తాయి. లేత పిందెను వేలెత్తి చూపితే కుళ్లిపోతుందని మా అమ్మ మమ్మల్ని వారించేది. చాలాసార్లు ఆ నేరం ఈ ఈగదేనని నా నమ్మకం. అటువంటి కాయను పాదు కింద వదిలితే పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై పైకి వస్తాయి కనుక, వెంటనే తెంపి లోతైన గోతిలో పూడ్చాలి.

గాయం మానిన కాయ మచ్చలేని కాయ ఉన్నంతకాలం నిలవ ఉండకపోవచ్చు. దానిని ముందుగా పులుసుకో దప్పళానికో వాడుకొని, తక్కినవాటిని దాచుకోవచ్చు. రైతుబజారులో కొనేవారు కూడా మచ్చ గట్టిగా, పొడిగా ఉన్న కాయను పక్కన పెట్టవద్దని కోరుతున్నాను.

మానిన గాటునూ, ఈగ పొడిచిన రంధ్రాన్నీ పక్కపక్కన చూపే ఫొటోలు రెండు మీ వ్యవసాయ పేజీలో ప్రచురిస్తే, మా వంటివారు కాయను చూడగానే తేడా గుర్తుపట్టగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి మండలం, గుంటూరు జిల్లా