రెసిన్ సీసాపై కొలత సరిగా తెలపనందువల్ల జరిగిన నష్టంపై ఫిర్యాదు

చెన్నై

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం.

రైలు నమూనాల్లో నదులు, చెరువులు పోయడానికి పనికివస్తుందని ప్రకటించి మీ సంస్థ అమ్ముతున్న ఎపాక్సీ రెసిన్ (నీటిలా కనిపించేలా పోసే జిగురు ద్రవం), దాన్ని గట్టిపరిచే హార్డెనర్ జత సీసాలను నేను మీ వెబ్‌సైట్ ద్వారా కొన్నాను. సీసా మీద "రెండు పాళ్లు రెసిన్, ఒక పాలు హార్డెనర్" అని మాత్రమే ఉంది. ఆ పాళ్లు తూకంలో తీసుకోవాలా, మిల్లీలీటర్లలో తీసుకోవాలా అన్నది సీసా మీద గాని, పెట్టెలోని కాగితంలో గాని ఎక్కడా లేదు. ఈ లోపం వల్లే నా నమూనాలోని నది పాడైంది.

నేను చేస్తున్నది రాజమండ్రిలో 1997లో రైళ్లకు తెరిచిన గోదావరి ఆర్చి వంతెన నమూనా. అసలు వంతెనకు ఒక్కొక్కటి 97.55 మీటర్ల పొడవున్న 28 కమానులు ఉన్నాయి. అసలులో 87వ వంతు ఉండే 1:87 కొలతలో ఒక్క కమానే 1.12 మీటర్లు వస్తుంది కనుక ఒక కమానూ, రెండు స్తంభాలూ, వాటి కింద వరదకాలపు ఎర్రనీరూ చూపాలని నిర్ణయించుకున్నాను. ప్లైవుడ్ మీద ప్లాస్టర్‌తో నదీగర్భం తీర్చి, ఇసుక తిన్నెలు అతికించి, రెసిన్ ఇంకకుండా పైన అక్రిలిక్ పూత వేసి, కావిరంగు కలిపిన రెసిన్‌ను మీ కాగితంలో చెప్పినట్లే 3 మిల్లీమీటర్ల మందాన పోశాను.

కాగితం చెప్పిన గడువు దాటి చాలా రోజులైనా అది గట్టిపడలేదు. వేలు పెడితే ముద్ర పడుతోంది, గాలిలోని దుమ్మంతా అంటుకుంటోంది, స్తంభాల మొదళ్ల చుట్టూ తెల్లని జిడ్డు పొర తేలింది. ఎర్రనీరుగా కనిపించాల్సినది పాచిపట్టిన మడుగులా కనిపిస్తోంది.

చెన్నైలో తేమ ఎక్కువ కాబట్టి అలా జరిగిందని, దానికి సంస్థ బాధ్యత వహించదని మీ ప్రతినిధి గారు ఫోనులో చెప్పారు. ఈ సమాధానాన్ని నేను అంగీకరించలేను. మీ సీసాల్లోని ద్రవాలనే 100 మిల్లీలీటర్ల చొప్పున కాటా మీద తూచి చూశాను. రెసిన్ 113 గ్రాములు, హార్డెనర్ 96 గ్రాములు వచ్చాయి. అంటే మిల్లీలీటర్లలో రెండుకు ఒకటి కలిపితే 226 గ్రాముల రెసిన్‌కు 96 గ్రాముల హార్డెనర్ పడుతుంది. తూకంలో కలిపితే 113 గ్రాములు, దాదాపు 18 శాతం ఎక్కువ పడుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువైనంత మాత్రాన త్వరగా గట్టిపడదు. రెసిన్‌తో కలవగా మిగిలిన భాగం లోపలే ఉండిపోయి పదార్థాన్ని మెత్తగా ఉంచుతుంది, పైకి చేరిన కొంత గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లని జిడ్డుగా మారుతుంది. నేను మొదట తూచి కలిపాను. తరువాత అదే గదిలో, అవే వర్షాల రోజుల్లో, మిల్లీలీటర్లతో కొలిచి విడి ప్లైవుడ్ ముక్క మీద పోసినది గాజులా గట్టిపడింది. తేమే కారణమైతే రెండోదీ పాడవ్వాలి కదా! పైగా తేమకు చెడిపోయే సరుకును చెన్నైలో అమ్ముతున్నప్పుడు ఆ హెచ్చరికైనా సీసా మీద ఉండాలి.

జిడ్డుగా మిగిలిన రెసిన్‌ను ఒలిచి తీయడం కుదరదు. నదీగర్భాన్నీ, స్తంభాల అడుగు భాగాలనూ దానితోపాటే కోసి పారేయాలి. సరైన వాడకం సూచనలు లేనందువల్ల వినియోగదారుని ఇతర ఆస్తికి కలిగే నష్టానికి తయారీదారు బాధ్యుడని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. కనుక సీసాల ధరతో పాటు, పాడైన ప్లైవుడ్, ప్లాస్టర్, రంగుల ఖర్చు కూడా చెల్లించవలసిందిగా కోరుతున్నాను. రసీదులు జతపరిచాను.

డబ్బు కన్నా ముఖ్యంగా, ఇంకా అమ్ముడుపోని సీసాలన్నింటి మీదా కొలతను మిల్లీలీటర్లలోనూ గ్రాముల్లోనూ ముద్రించిన చీటీ అతికించండి. నెలల తరబడి ఒక్కో ఇసుక తిన్నె తీర్చుకున్నవారు చివరి పూత దగ్గర నా మాదిరిగా నష్టపోకూడదు.

15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. లేనిపక్షంలో 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. పాడైన భాగాన్నీ, గట్టిపడిన ముక్కనూ మీ ప్రతినిధి వచ్చి పరిశీలించే వరకు అలాగే భద్రపరుస్తాను.

ఇట్లు,
భవదీయుడు
(పేరు, చిరునామా, ఆర్డర్ సంఖ్య జతపరిచిన రసీదుల్లో ఉన్నాయి)