కొత్త పరికరాల పరీక్షలు చెరువు గట్టు మీద కూడా జరగాలి

సంపాదకులకు నమస్కారం.

మాది భీమవరం దగ్గర నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు. మొన్న ముసురు రోజుల్లో తెల్లవారుజామున మూడున్నరకు గట్టు మీదకు వెళ్తే, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు 4 చూపిస్తోంది. చక్రం తిప్పి నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ స్టార్టర్ నొక్కానో లేదో, అంకె 9కి ఎగిరింది. ఆ వేళప్పుడు చెరువు నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండటం జరగని పని. మోటారు నుంచి వచ్చే విద్యుదయస్కాంత గోల మీటర్లోకి దూరింది. ఇంకో రాత్రి బ్యాటరీ అయిపోయి మీటరే ఆరిపోయింది. నేను చూసేసరికి రొయ్యలు పైకి తేలి అంచుకు చేరాయి. తెల్లారాక చచ్చినవి రెండు తట్టలకు ఎత్తాం.

అప్పటి నుంచి మీటరుకు బ్యాటరీ బెడద, మోటారు గోల తప్పించే దారుల మీద దొరికినదల్లా చదువుతున్నాను. నొక్కితే, వంచితే కరెంటు పుట్టే పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ పొరను లిథియం సెల్‌లోనే పెట్టి, తనంతట తాను చార్జి అయ్యే సెల్‌ను 2012లో అమెరికాలోని జార్జియా టెక్‌లో చేసి చూపించారు. 2011లో డ్రెక్సెల్ యూనివర్సిటీలో ఎమ్‌ఎక్సీన్ అనే పదార్థం పుట్టింది. అది చార్జిని దాచుకుంటుంది, మోటారు గోల లాంటి రేడియో తరంగాలనూ అడ్డుకుంటుంది. 45 మైక్రాన్ల పొర, అంటే తలవెంట్రుక కన్నా సన్నం, ఆ తరంగాలను 92 డెసిబెల్స్ మేర తగ్గించిందని 2016లో ప్రకటించారు. కరెంటు పుట్టించడం, దాచడం, గోలను ఆపడం ఒకే పొరతో చేయాలని ఇప్పుడు ప్రయత్నాలు జరుగుతున్నాయి.

ఇది మా కోసమే అనిపించింది. ఏరియేటర్ పక్కన తేలే మీటరు రాత్రంతా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపే దానికి మేత అవుతుంది. కరెంటు పోయి చక్రం ఆగితే, అంతవరకు దాచుకున్నది ఆదుకుంటుంది. మాకు మీటరు కావలసిందే సరిగ్గా అప్పుడు.

అలాగని దీంతో మోటారు తిరుగుతుందని ఎవరూ ఆశపడొద్దు. పుట్టేది చాలా కొద్ది కరెంటు, సెన్సర్‌కు సరిపోతే గొప్ప. తీగ వెంట వచ్చే గోలను ఏ పొరా ఆపలేదు, దానికి ఎర్తింగ్ సరిగా ఉండాల్సిందే. పైగా ఎమ్‌ఎక్సీన్‌కు తడి తగిలితే మెల్లగా పాడవుతుంది. మా ఉప్పు గాలికి ఎన్నాళ్లు నిలుస్తుందో ల్యాబ్‌లో కూర్చుంటే తేలదు.

మరో మాట. కరెంటును దాచే సూపర్ కెపాసిటర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్‌ను కొబ్బరి చిప్పల నుంచి తీస్తారు. కోనసీమలో ఆ చిప్పలు పొయ్యిల్లోకి పోతుంటే నాకు బాధగా ఉంటుంది.

కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం నిట్ రెండూ మాకు దగ్గరే. ఆ విద్యార్థులు ప్రాజెక్టులకు చెరువుల మీదకు వచ్చేలా మత్స్యశాఖ పూనుకోవాలి. వచ్చేవాళ్లకు నా చెరువులో ఏరియేటర్ పక్కన చోటిస్తాను, పంట కాలమంతా రీడింగులు నేనే రాసిపెడతాను.

ఇట్లు
ఒక రొయ్యల రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా