కుండీలు చేసిన నేరమేమిటి?

సంపాదకులకు,

పోయిన గురువారం జిల్లా పేజీలో మిద్దె తోటలే దోమలకు పుట్టిళ్ళు అని వచ్చిన వార్త చూసి, ఎవరో ఒకరు రాస్తారులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. పైగా నిన్న మా వీధికి వచ్చిన దోమల నివారణ సిబ్బంది ఆ పేపరు చేతిలో పట్టుకునే వచ్చారు, ఇక నేనే రాయాల్సి వస్తోంది.

మా మిద్దె మీద 42 కుండీలున్నాయి. కుండీలంటే అన్నీ కొన్నవి కావు. పెయింటు డబ్బాలు, చెవి ఊడిన బకెట్లు, చేపల మార్కెట్లో పారేసే థర్మాకోల్ పెట్టెలు కూడా ఉన్నాయి. ప్రతిదానికీ అడుగున బొక్కలు వేసి, బొక్క మీద పెంకు ముక్క బోర్లించి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపుతాను. కింద రెండేసి ఇటుకలు పెడతాను. నీళ్ళు పోస్తే ఎక్కువైనవి కాసేపట్లోనే కిందికి కారిపోతాయి. ఇందులో దోమ ఎక్కడ పిల్లలు చేస్తుంది? డెంగీ దోమకు కావాల్సింది తడిమట్టి కాదు, వారం పది రోజులు కదలకుండా నిలిచిన నీళ్ళు. అవి కుండీ కింది పళ్ళెంలో ఉంటాయి, హాల్లో ముద్దుగా పెట్టుకున్న మనీప్లాంట్ సీసాలో ఉంటాయి, ఫ్రిజ్ వెనక ట్రేలో ఉంటాయి. పళ్ళేలు నేను ఎప్పుడో తీసిపారేశాను. ఉంచుకునేవాళ్ళు నీళ్ళు పారబోస్తే చాలదు, పీచుతో అంచులు రుద్దాలి. గుడ్లు అక్కడే అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే లేస్తాయి. శుక్రవారం డ్రై డే, నిలవ నీళ్ళు పారబోయండి అని మైకులో చెవులు హోరెత్తించేవాళ్ళు ఈ ఒక్క ముక్క చెప్పరేం?

నిన్న వచ్చిన కుర్రాడు మెట్లెక్కుతూనే "ఇవన్నీ తీసేయాలమ్మా, లేకపోతే ఫైను" అన్నాడు. "ఏ కుండీలో పురుగు కనిపించిందో చూపించు బాబూ" అన్నాను. బచ్చలి తొట్టెలో వేలు గుచ్చి చూశాడు, వేలికి మట్టి అంటింది, ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పైనుంచి ఆర్డరండీ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి చేశాననిపించుకోవాలి కదా, కరివేపాకుకి పోద్దామని పొద్దున తీసిపెట్టిన బియ్యం కడుగు బకెట్లో మందు చుక్కలు వేసి, గోడ మీద చాక్‌పీసుతో టిక్కు పెట్టి పోయాడు. అతన్ని అనడానికి లేదు, పాపం, రోజుకి ఇన్ని ఇళ్ళని లెక్క చెప్పుకోవాలట.

సరే, నా ఇల్లు చూశారు. మెయిన్ రోడ్డు డివైడర్ మీది సిమెంటు తొట్లు ఎవరు చూస్తారు? పెద్దమనిషెవరో వస్తున్నారని మే నెల నడినెత్తి ఎండలో కడియం నర్సరీల నుంచి లారీలో మొక్కలు దింపారు, అందరం చూశాం. పచ్చ వల నీడలో పెరిగిన మొక్కని వారం పది రోజులు ఓ మోస్తరు నీడలో ఉంచి అలవాటు చేస్తేగానీ మన ఎండకి ఆగదు. ఆయన వచ్చి వెళ్ళేదాకా ట్యాంకరు తిరిగింది, ఆ తర్వాత ట్యాంకరూ లేదు, మొక్కలూ లేవు. ఆ తొట్లకి అడుగున బొక్కలు కూడా లేవు, కట్టించిన మహానుభావుడెవరో! ఇప్పుడు వాటిలో టీ కప్పులు, గుట్కా పొట్లాలు, మొన్నటి వానకి నిలిచిన నీళ్ళు ఉన్నాయి. మా వీధి చివర మురుగు కాలువ సంగతి సరేసరి. అందులో పుట్టేది వేరే దోమ అని నాకూ తెలుసు, ముప్పై ఏళ్ళు స్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, కానీ కుట్టడంలో అదేం తక్కువ తినలేదు.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమన్నారు, చేశాం. బండి వాడు రెండూ ఒకే డబ్బాలో గుమ్మరించుకుపోతుంటే చూడలేక ఇంట్లో తడి చెత్తంతా ఆ కుండీలకే ఎరువు చేసుకుంటున్నాను. చెత్త బండికి బరువు తగ్గించినందుకా నాకు ఫైను?

మీ పేపరు మీదా ఒక ఫిర్యాదు ఉంది. ఆ వార్త పక్కనే బాక్సు కట్టి ఇంట్లో పెంచుకోదగ్గ మొక్కలంటూ లావెండరు, రోజ్‌మేరీ వేశారు. మన గోదావరి జిల్లా ఉక్కలో లావెండరా! రాసినాయన ఎప్పుడైనా ఏప్రిల్లో మిద్దె ఎక్కారా? ఎండాకాలం టమాటా పెడితేనే పూత నిలవదు, రాలిపోతుంది. దాన్ని వానలు తగ్గుముఖం పట్టాక పెట్టుకోవాలి. కొత్తిమీర చలికాలానిది. ఎండకి ఆగేవి గోంగూర, తోటకూర, బచ్చలి. ఆకుకూరలకు ఆరంగుళాల లోతు పెట్టె చాలు, వంగకి, మిరపకి అడుగు లోతు బకెట్ కావాలి, కరివేపాకుకి అడుగున్నర ఉండాలి. పెద్ద తొట్లు శ్లాబు మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న చోట, పిట్టగోడ వారగా పెట్టుకోవాలి, తడిసిన మట్టి బరువు తక్కువేం కాదు. ఇది రాయడానికి నిపుణులు అక్కర్లేదు, మా వీధిలో ఎవరిని అడిగినా చెప్తారు.

నా 42 కుండీల్లో ఒక్క దోమ పురుగు చూపిస్తే అక్కడికక్కడే ఫైను కడతాను. డివైడర్ తొట్లకి ఫైను ఎవరి పేరు మీద రాశారో అది కూడా జిల్లా పేజీలోనే వేయండి. లావెండరు రాసినాయన ఇటు వస్తే గోంగూర విత్తనాలు పొట్లం కట్టి ఇస్తాను, డబ్బా మాత్రం ఆయనే తెచ్చుకోవాలి.

ఇట్లు,
రిటైరైన ఒక సైన్సు టీచరు