నూరువరహాల తేనె, పచ్చగన్నేరు పువ్వు

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న మంగళవారం భోజనాల గంట తర్వాత రెండో తరగతి పిల్లలు ఐదారుగురు నూరువరహాల పొద చుట్టూ మూగారు. గుత్తిలోంచి ఒక్కో పువ్వు పీకి, సన్నటి గొట్టంలోని దారంలాంటి కాడను మెల్లగా లాగి, కొసన మెరిసే తేనెబొట్టును నాలుకకు రాసుకుంటున్నారు. చిన్నప్పుడు నేనూ చేసిన పనే కనుక కోప్పడడానికి నోరు రాలేదు.

ఇంతలో ఒకడి జేబులోంచి పచ్చగన్నేరు పువ్వు బయటపడింది. "ఇది పెద్దది కదా టీచర్, తేనె ఎక్కువ ఉంటుంది" అన్నాడు. ఇంకా నోట్లో పెట్టుకోలేదు, అదే అదృష్టం.

గన్నేరు పప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పచ్చగన్నేరైనా ఎర్రగన్నేరైనా వేరు నుంచి గింజ దాకా విషమే, గుండె లయనే దెబ్బతీస్తుంది. పశువులు ముట్టవనీ, నీళ్లు పోయకపోయినా బతుకుతుందనీ హైవే డివైడర్ల మీద గన్నేరు పెంచుతారు. మన ప్రహరీ పక్కనా ఎప్పుడో ఎవరో అలాగే పచ్చగన్నేరు నాటారు. ఇన్నేళ్లూ నేను పట్టించుకోలేదు, తప్పు నాదే. శుక్రవారం వేళ్లతో సహా తీయించాం. పొగ కూడా ప్రమాదమే కనుక కొమ్మలు కాల్చకుండా గుంత తీసి పూడ్పించాం.

నూరువరహాలు మాత్రం ఉంటాయి. కాకపోతే పువ్వు కోసే ముందు టీచర్‌ని అడగాలి. శాస్త్రజ్ఞులు దీన్ని ఇక్సోరా అంటారు. ఆ పేరు మన 'ఈశ్వర' నుంచే వెళ్లింది. కాఫీ మొక్కకు చుట్టం. ఈ ప్రజాతిలో 500కు పైగా జాతులున్నా, మన ఎర్రపూలదానికి దక్షిణ భారతం, శ్రీలంకలే పుట్టిల్లు. అడవుల్లో చిన్న చెట్టుగా పెరిగే తెల్లపూల కొరివి కూడా ఇందులోదే.

గోడ పక్క పొదకు ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలితే, ఐదో తరగతివాళ్లు నీళ్లు చాలడం లేదనుకుని బకెట్లకు బకెట్లు పోశారు. అసలు కారణం గోడ సున్నం. అది మట్టిలో కలిసి మొక్కకు ఇనుము అందనివ్వదు. ఆకుల ఎరువు వేశాక కొత్త చిగుళ్లు పచ్చగా వస్తున్నాయి.

మీ వీధిలో గన్నేరు ఉంటే పిల్లలకు చూపించి చెప్పండి. ఎవరైనా నమిలారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి. ఆ మొక్క ముక్క ఒకటి వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

గన్నేరు తీసిన చోట శనివారం నూరువరహాలు నాటుతున్నాం. మా దగ్గర ఎరుపే ఉంది. పసుపుపూల రకం ఉన్నవాళ్లు జానెడు కొమ్మ తడిగుడ్డలో చుట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయిని