కువైట్‌లో ఉన్న సెలవు హనుమకొండలో లేదు

సంపాదకులు గారికి,

మా అమ్మ పక్షవాతంతో మంచాన పడి ఏడాదిన్నర అయింది. నేనూ నా భార్యా ఉద్యోగాలకు పోవాలి కాబట్టి, ఒక ఏజెన్సీ ద్వారా ఇంట్లోనే ఉండి చూసుకునే మనిషిని పెట్టుకున్నాం. ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఒంటికి పుండ్లు పడకుండా అమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, అర్ధరాత్రయినా సరే. మంచం పక్కన చాప వేసుకుని, పాత చీర పేలిక ఒక కొస అమ్మ చేతికి, ఇంకో కొస తన ముంజేతికి కట్టుకుని పడుకునేది. అమ్మ కదిలితే మెలకువ వస్తుందని. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అది చెప్పి మురిసిపోయాను. మరి తను ఎప్పుడు నిద్రపోతుందని ఒక్కనాడూ అడగలేదు.

పోయిన నెల తండ్రికి బాగాలేదని ఊరెళ్తానంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, ఇంకో మనిషి దొరికేదాకా పంపొద్దన్నారు. ఆధార్ కార్డు వాళ్ల దగ్గరే ఉందట. మేమిచ్చే 18 వేలలో ఆమె చేతికి 11 వేలే అందుతున్నాయని కూడా అప్పుడే తెలిసింది.

మా చుట్టాల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు చాలామందే. అక్కడ యజమాని పాస్‌పోర్టు గుంజుకున్నాడంటే మనకు రక్తం మరుగుతుంది. ఇక్కడ ఆధార్ గుంజుకుంటే? కువైట్ 2015లోనే ఇంటిపనివాళ్లకు విడిగా చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవులు. అది ఎంతవరకు అమలవుతుందో ఖద్దామాగా, అంటే గల్ఫ్ ఇళ్లలో పనిమనిషిగా, పోయొచ్చిన ఆడవాళ్లు చెప్తారు లెండి. అయినా అడగడానికి ఒక కాగితమైతే ఉంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు, ఆ సంగతి పెట్టుకునేవాళ్లకూ తెలియదు, చేసేవాళ్లకూ తెలియదు. ఇంటిపనివాళ్లకు చట్టం సంగతి తేల్చడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

చట్టం వచ్చేదాకా కార్మిక శాఖ ఊరికే ఉండనక్కర్లేదు. ఇక్కడ మనుషుల్ని పంపే ఏజెన్సీలెన్నో లెక్క తీయాలి. జీతం, కమీషన్, సెలవు రాసిన ఒప్పంద కాగితం వచ్చిన అమ్మాయికి అర్థమయ్యే భాషలో ఇప్పించాలి. గుర్తింపు కార్డులు అట్టిపెట్టుకుంటే కేసు పెట్టాలి.

ఆమెను ఊరికి పంపేశాం. నాలుగు రాత్రులు నేనే లేచాను, మూడో రోజుకే ఆఫీసులో కునికిపాట్లు. తిరిగొచ్చాక ఆదివారం డ్యూటీ మాదని చెప్పాం. ఆధార్ మాత్రం ఇంకా ఏజెన్సీ దగ్గరే ఉంది.

– ఒక పాఠకుడు, హనుమకొండ