సూరికి: ఎర్రరాతి మెట్ల దారి కబుర్లు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం చదివి ఇద్దరం ఎంత సంబరపడ్డామో! మీరు అమ్మాయి దగ్గరికి ఫీనిక్స్ వస్తున్నారని తెలియగానే వసంత క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంది. అంతా బాగానే ఉంది గానీ, "ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి గ్రాండ్ కాన్యన్ చూసేసి రాత్రికి ఇంటికొచ్చేస్తాం" అన్నావు చూడు, అది నాకు మింగుడుపడలేదురా. ఫీనిక్స్ నుంచి అక్కడికి వెళ్ళడానికే నాలుగు గంటలు, రావడానికి మరో నాలుగు. ఏళ్ళ తరబడి పిల్లలకి రాళ్ళ పాఠాలు చెప్పినవాడివి, నువ్వే లోయ అంచు మీద అరగంట నిలబడి ఫోటో దిగి వెనక్కొచ్చేస్తే ఎలా? కిందటి అక్టోబరులో మేమిద్దరం ఆ చుట్టుపక్కలంతా కారులో తిరిగొచ్చాం కదా, అదంతా వివరంగా రాస్తాను. చదివాక నీ ప్లాన్ మార్చుకుంటావని నా ఆశ.

మేం డాలస్ నుంచి లాస్ వేగాస్‌కి విమానంలో వెళ్ళి అక్కడ కారు అద్దెకి తీసుకున్నాం. రాత్రి పూట ఆ దీపాలు, ఫౌంటెన్లు ఒకసారి చూడాల్సినవే. కానీ ఒక్క రాత్రి చాలు. నాకు నచ్చింది ఊరికి దగ్గర్లోనే కొలరాడో నది మీద ఉన్న హూవర్ డ్యామ్. 1935లో పూర్తయింది, 726 అడుగుల ఎత్తు. అంత కాంక్రీటూ దానంతటది చల్లారాలంటే వందేళ్ళకు పైనే పట్టేదట. అందుకని లోపల వందల మైళ్ళ పొడవున సన్నటి ఇనప గొట్టాలు వేసి, వాటిలో చల్లటి నీళ్ళు పారించి చల్లార్చారు. డ్యామ్ వెనక జలాశయం పేరు లేక్ మీడ్. చుట్టూ కొండల మీద, ఒకప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవో తెలిసేట్టుగా తెల్లటి చార ఉంది. ఆ చారకీ ఇప్పటి నీటికీ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తే గుండె కలుక్కుమంటుంది. వేగాస్ తాగే నీళ్ళలో నూటికి తొంభై పాళ్ళు ఈ కొలరాడో నదివే. ఊళ్ళో ఎవరూ నడవని, అందానికి మాత్రమే పెంచే పచ్చగడ్డి తీసెయ్యాలని 2021లో నెవాడా రాష్ట్రం చట్టమే చేసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బ్రైస్, జయాన్, గ్రాండ్ కాన్యన్ అని మూడు పార్కులున్నాయి కదా, అవి విడివిడి చోట్లు కావురా. ఒకే మెట్ల వరస. బ్రైస్ పై మెట్టు, జయాన్ నడిమి మెట్టు, గ్రాండ్ కాన్యన్ కింది మెట్టు. జయాన్ ప్రాంతంలో అన్నిటికన్నా అడుగున ఉన్న రాతి పొరే గ్రాండ్ కాన్యన్‌లో అంచు మీద మనం నిలబడే పొర. అలాగే జయాన్‌లో పైనున్న పొరలు బ్రైస్‌కి అడుగు పొరలవుతాయి. అందుకే నా మాట విని పైనుంచి దిగుతూ రండి. ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యనే దగ్గర కాబట్టి ముందు అదే చూడాలనిపిస్తుంది. అది చూశాక మిగతావి చిన్నగా కనిపిస్తాయి. దిగుతూ వస్తే మాత్రం ఒక్కో చోటా కాలం వెనక్కి వెళ్తున్నట్టు తెలుస్తుంది.

వేగాస్ నుంచి ఉత్తరానికి వెళ్ళే హైవే అరిజోనా మూలని ఒరుసుకుంటూ వర్జిన్ నది గండిలోంచి యూటా రాష్ట్రంలోకి వెళ్తుంది. రెండు పక్కలా నిట్టనిలువు కొండలు, మధ్యలో మెలికలు తిరిగే రోడ్డు. వసంత అక్కడిదాకా ఫోన్లో ఏదో చూస్తూ ఉంది, ఆ తర్వాత ఫోను సంచీలో పడేసింది. సిగ్నల్ కూడా ఎలాగూ ఉండదు. పిల్లలు పుట్టాక మేమిద్దరం అన్ని గంటలు ఒకళ్ళతో ఒకళ్ళు కూర్చుని మాట్లాడుకున్నది ఈ ప్రయాణంలోనేరా. వాళ్ళ నాన్న పోయినప్పటి సంగతులు, అప్పట్లో నాతో చెప్పనివి, చాలా చెప్పింది. నేను ఊఁ కొడుతూ నడిపాను.

బ్రైస్ ఎనిమిది వేల అడుగుల పైన ఉంది. తెల్లారేసరికి కారు అద్దం మీద మంచు గడ్డకట్టింది. అంచు మీదకి వెళ్ళి కిందకి చూస్తే నారింజ, గులాబీ, తెలుపు రంగుల్లో రాతి స్తంభాలు, వేలకి వేలు. వాటిని హూడూలంటారు. కాన్యన్ అంటే నది కోసిన లోతైన లోయ, కానీ బ్రైస్ కాన్యన్ అని పేరున్నా ఇది నది తవ్వింది కాదు, నీకు తెలియందేముంది. పగలు కరిగిన మంచు నీరు పగుళ్ళలోకి దిగుతుంది, రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాతిని చీలుస్తుంది. ఏడాదిలో దగ్గర దగ్గర సగం రాత్రులు అక్కడ అదే పని. పైన గట్టి పొర ఉన్నచోట స్తంభం నిలుస్తుంది, లేనిచోట రాలిపోతుంది. మేం క్వీన్స్ గార్డెన్ దారిన కిందకి దిగి నవాజో లూప్ మీదుగా పైకొచ్చాం. కింద ఒకచోట ఎవరూ లేరు. ఎండ అప్పుడే స్తంభాల మీదకి వస్తోంది. ఉన్నట్టుండి చిన్న చప్పుడు, గోడ మీంచి గులకలు జారి దారి మీద పడ్డాయి. మళ్ళీ కాసేపటికి ఇంకోచోట. రాత్రి గడ్డకట్టింది ఎండకి వదులవుతోంది. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, చెవితో వినడం వేరురా సూరీ. నువ్వు పక్కన ఉండాల్సిందని ఆ నిమిషంలో ఎంత అనిపించిందో. అక్కడి ఆదివాసులైన పాయూట్ జనం ఏమంటారంటే, పూర్వం అక్కడ ఉన్నవాళ్ళు చెడ్డ పనులు చేస్తే కయోటీ అనే నక్కలాంటి మాయజంతువు వాళ్ళందరినీ రాళ్ళు చేసేసిందట. వసంత అది విని, "మరి వీళ్ళకి రాముడు ఎప్పుడొస్తాడో" అంది.

బ్రైస్ నుంచి జయాన్‌కి తూర్పు దారినే వెళ్ళండి, పడమటి నుంచి వద్దు. ముందు చెకర్‌బోర్డ్ మీసా అనే కొండ వస్తుంది. దాని ఒంటినిండా అడ్డగీతలు, నిలువు గీతలు. అడ్డగీతలు ఒకప్పటి ఇసక తిన్నెల వాలులు. పద్ధెనిమిది, పందొమ్మిది కోట్ల ఏళ్ళ కిందట అదంతా ఇసక ఎడారి కదా, గాలి ఎటు వీచిందో ఇప్పటికీ ఆ గీతల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత 1930లో పూర్తయిన సొరంగం. మైలుకి పైగా పొడవు. లోపల దీపాలు లేవు, అక్కడక్కడా కొండ పక్కకి తొలిచిన కిటికీల్లోంచి ఒక్క క్షణం వెలుగు పడి మాయమవుతుంది. బయటికి రాగానే ఎదురుగా మొత్తం లోయ. వసంత నా చెయ్యి పట్టుకుని "ఆపు, ఆపు" అంది గానీ అక్కడ ఆపే వీల్లేదు. లోయలోకి చాలా నెలలు సొంత కార్లు రానివ్వరు, షటిల్ బస్సులే. 2000లో పెట్టిన పద్ధతి ఇది, చాలా మంచి పని చేశారు. హారన్ మోత లేదు, నది చప్పుడు వినిపిస్తుంది. ఏంజెల్స్ లాండింగ్ శిఖరానికి ఇప్పుడు పర్మిట్ కావాలి, గొలుసు పట్టుకుని ఎక్కే దారి, అది మన వయసుకి వద్దు. బస్సు చివరి స్టాపు దగ్గర నది ఒడ్డున చదునైన దారి ఉంది, చెల్లెమ్మ హాయిగా నడుస్తుంది. గోడల్లోంచి నీరు ఊరుతూ ఉంటుంది. పైన పడిన వాన రాతిలోంచి దిగి ఇలా బయటపడేసరికి కొన్నిచోట్ల వెయ్యేళ్ళు దాటుతుందట. ఆ తడి పట్టుకుని గోడకి ఫెర్న్ మొక్కలు వేలాడుతున్నాయి.

భోజనం సంగతి నువ్వు అడగకపోయినా చెల్లెమ్మ అడుగుతుంది. చిన్న రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి, కందిపొడి, వేయించిన అప్పడాలు తెచ్చుకున్నాం. పెరుగు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. రాత్రిళ్ళు మోటెల్ గదిలో అన్నం వండుకున్నాం, పగలు బ్రెడ్డూ పళ్ళూ. నీళ్ళు మాత్రం కారులో ఎప్పుడూ నిండుగా ఉండాలి, పెట్రోలు సగానికి రాగానే పోయించుకోవాలి. ఆ దారుల్లో తర్వాతి బంకు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

అక్కడి నుంచి పేజ్ అనే ఊరు. గ్లెన్ కాన్యన్ డ్యామ్ కట్టడానికి వచ్చిన పనివాళ్ళ కోసం 1957లో పుట్టిన ఊరది. ఇక్కడ టైమ్‌తో జాగ్రత్త. అక్టోబరులో యూటాలో తొమ్మిదయితే పేజ్‌లో ఎనిమిది, ఎందుకంటే వేసవికి యూటా గడియారాన్ని గంట ముందుకి మారుస్తుంది, అరిజోనా మార్చదు. చుట్టూ ఉన్న నవాజో ఆదివాసుల నేల మాత్రం మారుస్తుంది. ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. చేతి గడియారం పెట్టుకురా.

గుర్రపు నాడాలా కొలరాడో నది తిరిగే హార్స్‌షూ బెండ్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, ఫోటోల్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది, కిందకి వెయ్యి అడుగులు. యాంటిలోప్ కాన్యన్ దగ్గర మాత్రం ఎక్కువసేపు చెప్పాలి. అది నవాజో వాళ్ళది, వాళ్ళ గైడు లేకుండా ఎవరినీ రానివ్వరు. పైనుంచి చూస్తే నేలలో ఒక బీట, అంతే. ఇనప మెట్లు దిగి లోపలికి వెళ్తే రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడలు నున్నగా, అలలు అలలుగా. పైనుంచి దిగే వెలుగు ఒక గోడ మీద పడి ఇంకో గోడకి కొట్టి, కిందకి వచ్చేసరికి పసుపు నారింజ అవుతుంది, నారింజ ఊదా అవుతుంది. మా గైడు నడివయసు ఆవిడ. లోపలికి వెళ్ళే ముందే 1997 ఆగస్టు 12 సంగతి చెప్పింది. ఆ రోజు ఇక్కడ వాన లేదు. మైళ్ళ అవతల ఎక్కడో కురిసింది. ఆ నీళ్ళు వాగులు దాటి ఒక్కసారిగా ఈ బీటలోకి గోడలా వచ్చిపడ్డాయి, పదకొండుమంది యాత్రికులు పోయారు. ఇప్పుడున్న ఇనప మెట్లు ఆ తర్వాత బిగించినవే. దూరాన మబ్బు పట్టినా టూర్లు ఆపేస్తారు. అలా ఆపేస్తే చెల్లెమ్మా నువ్వూ వాళ్ళ మాటకి ఎదురు చెప్పకండి, మాతో వచ్చినవాళ్ళు కొందరు గొణిగారు, నాకు చాలా బాధేసింది. గోడకి మన తలకన్నా చాలా పైన ఒకచోట చెట్టు మొద్దు ఇరుక్కుని ఉంది. నీళ్ళు ఎక్కడిదాకా లేస్తాయో చెప్పడానికి ఆవిడ దాన్నే చూపించింది.

పేజ్ నుంచి కామెరన్ దాకా వసంత నడిపింది. తిన్నటి రోడ్డు, ఎడమవైపు ఎర్రటి కొండల వరస. దారి పక్కన రేకుల పందిళ్ళ కింద నవాజో ఆడవాళ్ళు పూసలు, వెండి, నీలం రాళ్ళు అమ్ముతున్నారు. ఒక ముసలావిడ దగ్గర జూనిపర్ గింజల దండ కొన్నాం, చెల్లెమ్మకి ఒకటి అట్టేపెట్టాం.

ఇక గ్రాండ్ కాన్యన్. తూర్పు ద్వారం నుంచి రండి. అక్కడ డెజర్ట్ వ్యూ దగ్గర 1932లో మేరీ కోల్టర్ అనే ఆవిడ కట్టిన రాతి బురుజు ఉంది. అంచు మీద చాలా చోట్ల నుంచి నది కనపడదు, ఇక్కడ బాగా కనిపిస్తుంది. అంత లోతులో సన్నటి ఆకుపచ్చ గీత. ఆ గీతే ఇదంతా కోసిందంటే, లెక్కలు తెలిసిన నాకే నమ్మబుద్ధి కాలేదు. 277 మైళ్ళ పొడవు, ఒక మైలు లోతు.

నీ కోసమే అన్నట్టు అక్కడ ట్రైల్ ఆఫ్ టైమ్ అని ఒక నడక దారి ఉంది. ఒక్కో మీటరు పది లక్షల ఏళ్ళు. దారి మీద ఇత్తడి గుర్తులు, పక్కన ఆ కాలానికి చెందిన రాయి లోయలోంచే తెచ్చి నిలబెట్టారు, చేత్తో తాకచ్చు. అక్కడి అన్నిటికన్నా పాత రాయి వయసు 184 కోట్ల ఏళ్ళు. మేం ఒక పూటంతా అక్కడే గడిపాం. లోయ గోడల్లో కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు రాళ్ళ మధ్య వంద కోట్ల ఏళ్ళకు పైగా లెక్కే లేదు, ఆ కాలపు పొరలన్నీ కొట్టుకుపోయాయి. అంచు మీది సున్నపురాతిలో చిన్న చిన్న గుల్లలు కనిపించాయి. ఏడు వేల అడుగుల ఎత్తున సముద్రపు గుల్లలు! గండికోటలో నువ్వు నన్ను రాళ్ళన్నీ తిప్పిచూపిస్తూ, "ఎంత వెతికినా ఇక్కడ గవ్వ దొరకదురా, ఇవి గవ్వలు పుట్టకముందు రాళ్ళు" అన్నావు, గుర్తుందా? అలాంటి కాలపు రాళ్ళూ ఇక్కడ ఉన్నాయి, కానీ అడుగున. వాటికి ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు విష్ణు శిస్ట్. విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్, రామ, కృష్ణ ష్రైన్‌లు అని శిఖరాలకి కూడా పేర్లున్నాయి. 1880 దశకంలో క్లారెన్స్ డటన్ అనే సైన్యాధికారి, భూగర్భ శాస్త్రవేత్త ఇలా తూర్పు దేశాల దేవతల పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఇందాక చెప్పిన మెట్ల వరస ఊహ కూడా ఆయనదే. సాయంత్రం ఎండ విష్ణు శిఖరం మీద పడుతుంటే వసంత చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది.

అక్కడి నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా ఫీనిక్స్‌కి దిగేదారి కూడా నాకు చాలా నచ్చింది. ఏడు వేల అడుగుల దగ్గర పైన్ చెట్ల అడవి, రెండున్నర గంటల్లో చేతులెత్తిన సగువారో కాక్టస్‌లు. ఆ కాక్టస్‌కి మొదటి చెయ్యి రావడానికే యాభై ఏళ్ళ పైన పడుతుంది.

వేసవిలో మాత్రం రాకండిరా. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే మన 43 డిగ్రీలకి, తగ్గలేదు. అక్టోబరు అయితే అన్నిచోట్లా బాగుంటుంది, బ్రైస్‌కి మాత్రం స్వెట్టర్లు, మంకీ క్యాప్ కావాలి. చెల్లెమ్మ మోకాళ్ళ గురించి బెంగ వద్దు. గ్రాండ్ కాన్యన్ అంచు దారి చాలా మటుకు చదును, అలిసిపోతే ఎక్కడికక్కడ బస్సెక్కచ్చు. లోపలికి దిగే దారిలోకి మాత్రం సరదాగా కూడా ఎక్కువ దూరం పోనివ్వకు, దిగడం తేలికే, ఎక్కేటప్పుడు ప్రాణం పోతుంది.

పార్కు లోపలి లాడ్జిల్లో గదులు 13 నెలల ముందు నుంచే అమ్ముతారు, కాబట్టి ఆలస్యం చెయ్యకుండా తేదీలు రాయి. మేమిద్దరం ఫీనిక్స్ వచ్చేస్తాం, నలుగురం ఒకే కారులో వెళ్దాం. అమ్మాయికి సెలవు దొరికితే తననీ ఎక్కించుకుందాం. నడపడం వసంతా నేనూ చూసుకుంటాం. నువ్వు ముందు సీట్లో కూర్చుని ఏ పొర ఎప్పటిదో చెబుతూ ఉండు, నాకు సగం అర్థం కాక అలాగే ఉండిపోయింది. వచ్చేటప్పుడు నీ పాత సుత్తి మాత్రం తేకు, పార్కుల్లో ఒక్క రాయి కూడా ముట్టుకుని కొట్టనివ్వరు. చెల్లెమ్మ చేత్తో పెట్టిన మాగాయ ఒక సీసా చాలు.

నీ
మోహన్