నల్లగొండ జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ: క్యాన్సర్ రోగి నడుము నొప్పిని తేలిగ్గా తీసుకోకండి

అయ్యా, నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయినకు ప్రోస్టేట్ క్యాన్సర్. దసరా ముందు నడుము నొప్పి మొదలైంది. పడుకుంటే ఎక్కువయ్యేది, రాత్రంతా గోడకు ఒరిగి కూర్చునేవాడు. చూపిస్తే సూదేసి, గోలీలిచ్చి పంపారు. పది రోజులకు కాళ్లు తిమ్మిరెక్కాయి. ఒక పొద్దున కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియలేదు. ఎమ్మారై తీయించి హైదరాబాద్ చేరేసరికి ఇంకో నాలుగు రోజులు. అప్పటికే నిలబడలేకపోయాడు.

క్యాన్సర్ వెన్నుపూసలకు పాకి వెన్నుపామును నొక్కుతోందట. ఇది గంటల లెక్కన చూడాల్సిన జబ్బు. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్ వెంటనే మొదలుపెట్టాలి, 24 గంటల్లోపు వెన్నెముక మొత్తానికి ఎమ్మారై తీయాలి, ఆలస్యం లేకుండా ఆపరేషనో రేడియేషనో చేయాలి. నడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పడిపోయాక వచ్చినవాళ్లలో మళ్లీ లేచేది కొద్దిమందే.

రేడియేషన్‌కు వారాల తరబడి పట్నంలో ఉండాల్సిన పనీ లేదు. 2019లో వెలువడిన బ్రిటన్, ఆస్ట్రేలియా అధ్యయనంలో 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఒక్కసారే ఇచ్చినా, 20 గ్రే ఐదు విడతల్లో ఇచ్చినా నడక విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు ఇదెంత పెద్ద మాటో!

ప్రతి పీహెచ్‌సీకి, ప్రతి ఆశా కార్యకర్తకు ఒక్క మాట చేరవేయండి: క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్తగా వెన్నునొప్పి వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి చెప్పే మనిషిని జిల్లాలో పెట్టండి.

రేడియేషన్‌తో మా నాయినకు నొప్పి తగ్గింది, నిద్రపోతున్నాడు. కాళ్లు మాత్రం రాలేదు.

ఇట్లు,
ఓ కొడుకు